కొత్త కుక్క వచ్చింది, మా పిల్లి సజ్జ మీది నుంచి దిగడం లేదు. ఏం చేయాలి?

గవ్వ వాళ్ల అమ్మ (హన్మకొండ):

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి. రెండు రోజులుగా నాకు నిద్ర లేదు.

మాది భీమారం వైపు అద్దె ఇల్లు. రెండు బెడ్‌రూములు, హాలు, వంటిల్లు, వెనకాల బట్టలు ఉతుక్కునే చిన్న జాగా. మా పిల్లి పేరు గవ్వ. నాలుగేళ్లది, ఆడది, ఆపరేషన్ అయింది, టీకాలన్నీ వేయించాం. ఒక వానాకాలం పాత ఇంటి మెట్ల కింద అరుస్తుంటే తెచ్చుకున్నాను, అప్పుడు అరచేతిలో పట్టేంత ఉండేది. ఒంటి మీద నలుపు, గోధుమ రంగు మచ్చలు చూసి గవ్వ అని పిలుచుకున్నాం. ఈ నాలుగేళ్లలో ఇంట్లో ఇంకో జంతువును చూడలేదు, గడప దాటదు.

మా తమ్ముడు జగిత్యాల దగ్గర ఊళ్లో ఉండేవాడు. మస్కట్ వీసా వచ్చి పోయిన గురువారమే వెళ్లిపోయాడు. వాడి కుక్క రాకీని అక్కడ చూసుకునేవాళ్లు లేరు, బాపుకు మోకాళ్ల నొప్పులు, ఆయనతో కాదు. ఎవరికో ఇచ్చేద్దాం అన్నారు గానీ నాకు మనసొప్పలేదు, వాడు వెళ్లేటప్పుడు నా చేయి పట్టుకొని చెప్పింది ఒక్క రాకీ గురించే. రాకీకి రెండున్నరేళ్లు, మగది, లాబ్రడార్ పోలిక ఉన్న నాటు కుక్క, 25 కిలోల దాకా ఉంటాడు. మనుషులంటే ప్రాణం. కానీ వాకిట్లో పెరిగినవాడు, ఉడత కనిపిస్తే తరుముతాడు. పిల్లులతో ఎప్పుడూ ఉండలేదు.

ఆదివారం సాయంత్రం కారు మాట్లాడుకొని తెచ్చాం. ఒకసారి ముఖాలు చూసుకుంటే అవే అలవాటు పడతాయని అందరూ అన్నారు, నేనూ నమ్మాను. మా ఆయన గవ్వను ఎత్తుకొని హాల్లోకి వచ్చాడు, నేను రాకీ గొలుసు పట్టుకున్నాను. రాకీ ఒక్కసారి ముందుకు దూకి మొరిగాడు, అంతే, గవ్వ ఆయన చేతిని మణికట్టు నుంచి మోచేయి దాకా గీరి, కర్టెన్ పట్టుకొని ఎక్కి, బెడ్‌రూమ్ సజ్జ మీద పాత సూట్‌కేసుల వెనక్కి పోయింది. ఇవాళ మంగళవారం. నిన్న రాత్రి లిట్టర్ ట్రేలో ఒకసారి మూత్రం పోసింది గానీ తిండి ముట్టలేదు. పైకి స్టూలు వేసుకొని చూస్తే రెండు కళ్లు మాత్రం కనిపిస్తున్నాయి, చేయి చాపితే బుసకొడుతోంది. నా మీద ఎప్పుడూ బుసకొట్టలేదు. రాకీ ఏమో ఆ బెడ్‌రూమ్ తలుపు ముందే పడుకొని మూలుగుతున్నాడు. ఈ ఎండల్లో వాడిని బయట కట్టేయలేను, హాల్లో కూలర్ దగ్గరే ఉండాలి.

తప్పు నాదే, తెలుసు. ఇప్పుడు సరిచేయొచ్చా? లేక వీటికి ఇంక పడదా?

మూడు పిల్లుల ఇల్లు (కాజీపేట):

చెల్లె, అన్నిటికన్నా ముందు మీ ఆయన చేయి. సబ్బు పెట్టి పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగారా? కడగకపోతే ఇప్పుడైనా కడగండి. ఇంటి పిల్లే, టీకాలు వేయించాం అని ఊరుకోవద్దు, ఇవాళే డాక్టర్‌కు చూపించి ఆయన చెప్పిన ఇంజక్షన్లు వేయించుకోండి. ఎంజీఎం ఆసుపత్రికి పోయినా సరే. పిల్లి గోరు గీత లోపలికి దిగుతుంది, పైకి చిన్నగా కనిపిస్తుంది, నాకు ఒకసారి చేయి మొత్తం వాచింది.

రెండోది తిండి. పెద్ద పిల్లి ఒక రోజంతా ఏమీ ముట్టలేదంటేనే డాక్టర్‌కు ఫోన్ చేయాలి. రెండు మూడు రోజులు పస్తుంటే కాలేయంలో కొవ్వు పేరుకుపోతుంది, కాస్త బొద్దుగా ఉన్న పిల్లికి ఇంకా తొందరగా. కాబట్టి రేపటి దాకా చూద్దాం అనుకోవద్దు. మూత్రం పోసింది అన్నావు, మంచిదే, కానీ రోజూ ట్రే చూడు. భయం పడ్డ పిల్లికి మూత్రం మంట పెట్టుకుంటుంది, పదే పదే ట్రేలోకి పోయి చుక్క చుక్క పోస్తే ఆగొద్దు. ఇది చదివే మగపిల్లి వాళ్లకు కూడా చెబుతున్నా, మగవాటికి దారి పూర్తిగా మూసుకుపోతుంది, గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది.

ఇప్పుడు ఆ బెడ్‌రూమ్ మొత్తం గవ్వకు రాసిచ్చెయ్యి. రాకీ అందులోకి రావడమే కాదు, ఆ తలుపు ముందు పడుకోవడం కూడా బంద్. వాడు అవతల మూలుగుతుంటే లోపల ఇది ఎట్ల తింటుంది? వాడి పక్క, నీళ్ల గిన్నె హాల్లో ఆ చివరికి మార్చు. లిట్టర్ ట్రే, నీళ్లు, తిండి అన్నీ బెడ్‌రూమ్‌లోనే పెట్టు, తిండి ట్రేకు దూరంగా. సజ్జ మీది నుంచి మాత్రం లాగొద్దు. దాని కింద బీరువా ఉంటే బీరువా పక్కన ఒక టేబుల్, టేబుల్ పక్కన స్టూలు, మెట్ల లాగ పెట్టు, అదే దిగుతుంది. రాత్రి అందరూ పడుకున్నాక దిగుతుంది చూడు. ఉప్పు, ఉల్లిపాయ లేకుండా ఉడికించిన చికెన్ కొంచెం వేడిగా పెట్టు, వాసనకైనా వస్తుంది.

పడుతుందా పడదా అన్నది రెండు రోజుల్లో తేలేది కాదు. మా ఇంట్లో రెండు నెలలు పట్టింది.

గవ్వ వాళ్ల అమ్మ:

అక్కా, చాలా థాంక్స్. ఆయన చేయి అప్పుడే కడిగాం, ఇవాళ మొదటి ఇంజక్షన్ కూడా అయింది. డాక్టర్‌కు ఫోన్ చేస్తే రేపు పొద్దున వరకు తినకపోతే తీసుకురమ్మన్నారు. రాకీ పక్క వంటింటి వైపు మార్చాను. రాత్రి చెబుతాను.

ములుగు అన్న:

మా ఊళ్లో ఇవన్నీ ఎవరూ చేయరండి. ఒకే వాకిట్లో కుక్క, పిల్లి, కోళ్లు, మేకలు అన్నీ ఉంటాయి. నాలుగు రోజులు కొట్టుకుంటాయి, తర్వాత అవే సర్దుకుంటాయి. మీరు మధ్యలో దూరడం వల్లే భయం ఎక్కువవుతుంది.

మూడు పిల్లుల ఇల్లు (కాజీపేట):

అన్నా, వాకిట్లో పిల్లికి గోడ ఉంటుంది, చెట్టు ఉంటుంది, పెంకుల మీదికి పోతుంది, పది ఇళ్ల అవతల ఉండి ఆకలైనప్పుడు వస్తుంది. పైగా అవి చిన్నప్పటి నుంచి ఒకదాన్నొకటి చూసి పెరిగినవి. ఇక్కడ మూసిన తలుపుల మధ్య నాలుగేళ్ల పిల్లి, కొత్తగా వచ్చిన 25 కిలోల కుక్క. వదిలేస్తే సర్దుకునేది ఎవరు, ప్రాణం పోయేది ఎవరిది? మా నానమ్మ వాళ్ల వాకిట్లో కూడా మీరు చెప్పినట్టే అన్నీ ఉండేవి, కానీ ఏడాదికి ఎన్ని పిల్లిపిల్లలు పోయేవో ఎవరూ లెక్క పెట్టలేదు.

మామునూరు స్టూడెంట్:

నేను ఇక్కడ వెటర్నరీ చదువుతున్నాను, ఇంకా డాక్టర్‌ను కాదు, మా ఇంట్లో కూడా ఈ పని చేసిన అనుభవంతో రాస్తున్నాను.

ముందు రాకీ గురించి ఒక మాట. కుక్కపిల్లకు మూడు వారాల నుంచి మూడు నెలల దాకా ఏది పరిచయమైతే అది జీవితాంతం మామూలు విషయం. పిల్లిపిల్లకు ఆ సమయం ఇంకా తక్కువ, సుమారు రెండో వారం నుంచి ఏడో వారం వరకే. మీ రెండింటికీ ఆ వయసు దాటిపోయింది. అంటే కుదరదని కాదు, నెమ్మదిగా నేర్పాలని. రాకీకి కూడా పెద్ద దెబ్బే తగిలింది కదా, పెంచిన మనిషి వెళ్లిపోయాడు, ఇల్లు మారింది, వాకిలి లేదు. వాడిని తిట్టకండి. పిల్లి కనిపించినప్పుడల్లా తిట్లు పడితే పిల్లి వల్లే తిట్లు అని వాడి బుర్రలో పడుతుంది.

గవ్వ తినడం మొదలుపెట్టి, గదిలో తోక నిలబెట్టి తిరిగేదాకా వాటికి ముఖాలు చూపించొద్దు. ఈలోపు వాసనతో పరిచయం చేయండి. గవ్వ పడుకునే గుడ్డ ఒకటి రాకీ అన్నం గిన్నె దగ్గర, రాకీని తుడిచిన టవల్ ఒకటి గవ్వ గదిలో. టవల్ గవ్వ తిండి పక్కనే వేయకండి, నాలుగైదు అడుగుల దూరంలో వేసి, దాన్ని దాటి మామూలుగా పోతోందా, చుట్టూ తిరిగి పోతోందా చూడండి. రోజుకు ఒక అరగంట రాకీని బయటికి తీసుకుపోయినప్పుడు గవ్వకు హాలు వదలండి, వాడి పక్క అదే వాసన చూసుకుంటుంది. ఎవరూ తరమకుండా, ఎవరూ చూడకుండా.

తర్వాత మూసిన తలుపుకు అటూ ఇటూ భోజనం. మొదటి రోజు ఇద్దరి గిన్నెలూ తలుపుకు ఆరేడు అడుగుల దూరంలో. ఇద్దరూ తల ఎత్తకుండా తింటే మరుసటి రోజు అడుగు ముందుకు. ఎవరైనా తినడం ఆపేసి తలుపు వైపే చూస్తుంటే రెండడుగులు వెనక్కి. ఇందులో తొందరపడేవాళ్లే ఎక్కువ, రెండు రోజులు బాగుంటే మూడో రోజు తలుపు తీసేస్తారు.

ఆ తర్వాత చూపులు. మీ బెడ్‌రూమ్‌కు దోమల జాలీ తలుపు ఉంటే పెట్టుబడి లేకుండా పని అయిపోతుంది. లేకపోతే ఒక జాలీ ఫ్రేము బిగించండి, గవ్వ వైపు దాని మీద దుప్పటి వేసి కింద జానెడు మాత్రం తెరిచి ఉంచండి. రాకీకి మెడ పట్టీ కాకుండా ఛాతీకి వేసే బెల్టు, దానికి తాడు. వాడిని ముందు ఒక గంట బాగా నడిపించి, అలసిపోయాక, కడుపులో కాస్త తిండి పడ్డాక కూర్చోబెట్టండి. ఎండాకాలం కాబట్టి పొద్దున ఆరుకు ముందో, రాత్రి ఎనిమిది దాటాకో నడిపించండి, మధ్యాహ్నం తారు రోడ్డు మీద వాడి అరికాళ్లు కాలిపోతాయి.

జాలీ అవతల గవ్వను చూసి వాడు మీ వైపు తల తిప్పాడనుకోండి, ఆ క్షణంలోనే చికెన్ ముక్క నోట్లో పడాలి. మీరు పిలవకముందే తిప్పితే రెండు ముక్కలు. పిల్లి కనిపిస్తే అమ్మ వైపు చూడాలి అన్నది వాడికి అలవాటు కావాలి, మొత్తం పని అదే. అయిదు నిమిషాలు చాలు, రోజుకు రెండు మూడు సార్లు.

ఒళ్లు వదులుగా ఉంది, తోక కింద మెత్తగా ఊగుతోంది, నేల వాసన చూస్తున్నాడు, ఆవలిస్తున్నాడు, ఇవి పరవాలేదు. ఒళ్లు బిగుసుకుపోయి, నోరు మూసి, రెప్ప వేయకుండా చూస్తూ, పేరు పిలిచినా చెవి కూడా కదపకపోతే అక్కడితో ఆపేసి దూరం తీసుకుపోవాలి. మొరిగే కుక్క కన్నా చప్పుడు చేయకుండా వణుకుతూ చూసే కుక్క దగ్గర ఎక్కువ జాగ్రత్త. ఇక గవ్వ బుసకొట్టడం తప్పేమీ కాదు, దగ్గరికి రావద్దని చెప్పడమే. చెవులు వెనక్కి అతికించుకొని, వెంట్రుకలు లేచి, తోక సీసాలు కడిగే బ్రష్‌లా అయితే ఆ రోజుకు చాలు.

ఇంకొకటి, ఎప్పుడూ పిల్లిని ఎత్తుకొని కుక్క దగ్గరికి తీసుకుపోకండి. కాళ్లు నేల మీద ఉండి, పారిపోయే దారి కళ్ల ముందు ఉంటే పిల్లి సగం భయం తగ్గించుకుంటుంది. చేతుల్లో ఉంటే ఆ దారి మీ చర్మం మీదుగా ఉంటుంది, మీ ఆయనకు జరిగింది అదే.

పెద్దపల్లి నుంచి:

అందరూ బాగా చెప్పారు. నేను వేరే సంగతి చెప్పాలి, బాధగానే ఉంటుంది.

మా దగ్గర కూడా ఇలాగే పిల్లి ముందు, కుక్క తర్వాత. తలుపులు, జాలీ అన్నీ చేశాం, మూడు నెలలు. మా కుక్క మొరగలేదు, దూకలేదు, అందుకే మంచిదనుకున్నాం. కానీ జాలీ దగ్గర బొమ్మలా నిలబడి చూసేది, పక్కన చికెన్ పెట్టినా తినేది కాదు. పైన రాసిన ఆ వణుకు నేను చూశాను, అర్థం చేసుకోలేదు. ఒక పండగ రోజు చుట్టాలు వచ్చి ఇల్లంతా సందడి, పిల్లలు తలుపు గడియ పెట్టడం మర్చిపోయారు. వంటింట్లో ఉన్న నేను హాల్లోకి వచ్చేసరికి అయిపోయింది. మా పిల్లి బతకలేదు. కుక్కను తప్పు పట్టలేను, దాని స్వభావం అది.

అందుకే చెబుతున్నాను, మూడు నాలుగు వారాలు సరిగ్గా చేసినా రాకీ చూపు మారకపోతే, తిండి మీదికి కూడా మనసు పోకపోతే, ఒకే గదిలో ఉంచాలన్న ఆశ వదిలేయండి. ఒకటి ఇటు, ఒకటి అటు, పూటలు మార్చుకుంటూ ఉంచినా రెండూ సుఖంగా బతుకుతాయి. గడియ మీద నమ్మకం వద్దు, రెండో అడ్డు ఒకటి ఉండాలి, చుట్టాలు వచ్చే రోజు తాళమే వేయండి.

హంటర్ రోడ్ ఇండీ:

ఒక్క విషయం ఎవరూ రాయలేదు. రాకీ ఊరి నుంచి వచ్చాడు కదా, ఒంటి మీద పిడుదులు ఉంటాయి, మీరు మందు పోస్తారు. కుక్కల మెడ మీద పోసే మందుల్లో కొన్నిటిలో పర్మెథ్రిన్ ఉంటుంది, అది పిల్లికి విషం, వణుకు, ఫిట్స్ వచ్చి చనిపోతాయి. ఆ కుక్కకు ఒరుసుకొని పడుకున్నా, దాన్ని నాకినా ప్రమాదమే. అమిట్రాజ్ కలిపి కడిగే మందు కూడా అంతే. షాపులో అడిగితే పిల్లి ఉందని చెప్పకపోతే ఏదో ఒకటి ఇచ్చేస్తారు, డాక్టర్‌ను అడిగి రెండింటికీ పనికొచ్చేది తీసుకోండి. రాకీకి రేబిస్ టీకా ఎప్పుడు వేయించారో తమ్ముడిని అడగండి, కార్డు లేకపోతే మళ్లీ వేయించడమే, నులి పురుగుల మందు కూడా. మనుషుల జ్వరం గోలీ, అదే పారాసిటమాల్, పిల్లికి ముక్క కూడా పెట్టొద్దు.

ఇంకా, లిట్టర్ ట్రే కుక్కకు అందని చోట పెట్టండి. వాటికి అది తినే అలవాటు ఉంటుంది, పైగా ట్రేలో ఉన్నప్పుడు కుక్క వస్తే పిల్లి మళ్లీ ఆ ట్రే వైపు పోదు. గవ్వ తిండి రాకీ తినకుండా చూడండి, రాకీ తిండి గవ్వకు సరిపోదు, పిల్లులకు టౌరిన్ అనే పోషకం తప్పనిసరి, కుక్కల తిండిలో అది సరిపడా ఉండదు.

గవ్వ వాళ్ల అమ్మ:

పెద్దపల్లి నుంచి రాసినవారికి, చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మీరు చెప్పినందుకు రుణపడి ఉంటాను. ఇవాళే తలుపుకు పైన ఇంకో గడియ పెట్టించాను, పిల్లలకు అందదు.

గవ్వ మంగళవారం రాత్రి రెండింటికి దిగింది. నేను మంచం మీద కళ్లు మూసుకొని ఉన్నాను. ముందు బీరువా మీద ధబ్ అని చప్పుడు, తర్వాత టేబుల్, తర్వాత గిన్నె నాకే చప్పుడు. కదల్లేదు నేను. చికెన్ మొత్తం తిని, నీళ్లు తాగి, వచ్చి నా కాళ్ల దగ్గర కాసేపు కూర్చొని మళ్లీ పైకి పోయింది.

గవ్వ వాళ్ల అమ్మ (ఆరు వారాల తర్వాత):

మళ్లీ రాస్తానన్నాను కదా, ఆలస్యమైంది.

వాసనలకు పది రోజులు పట్టింది. మొదటిసారి రాకీ టవల్ వేస్తే గవ్వ దాన్ని చూసి గది అంతా కాలు కాలిన పిల్లిలా తిరిగింది, అప్పటిదాకా ఆ మాట వినడమే, చూడలేదు. ఏడో రోజు దాని మీద పడుకుంది. తలుపు దగ్గర భోజనాలు ఇంకో పది రోజులు. మధ్యలో ఒకసారి రాకీ గిన్నె వదిలి తలుపు గీరాడు, మామునూరు తమ్ముడు చెప్పినట్టు వెనక్కి వెళ్లాం, మళ్లీ మొదలు పెట్టాం. పిడుదుల మందు డాక్టర్‌ను అడిగే తీసుకున్నాం. మొదట షాపులో ఇచ్చిన డబ్బా మీద చూస్తే పర్మెథ్రిన్ అనే ఉంది, ఈ పోస్టు చదవకపోతే పోసేసేదాన్నే.

జాలీ దగ్గర రాకీ మొదటి రోజు బాగా మూలిగాడు. కానీ చికెన్ వాసనకు తల తిప్పేవాడు, అదే నాకు ధైర్యం ఇచ్చింది. మూడో వారం వచ్చేసరికి గవ్వ కనిపిస్తే చాలు, వాడే నా వైపు చూసి కూర్చుంటున్నాడు.

పోయిన ఆదివారం మొదటిసారి జాలీ తీశాం. రాకీ తాడు మా ఆయన చేతిలో, వాడు కూలర్ ముందు పడుకొని ఉన్నాడు. గవ్వ గడప మీద కూర్చొని చాలాసేపు చూసింది. తర్వాత గోడ వెంబడి, పొట్ట నేలకు ఆనేలా వంగి నడుచుకుంటూ వచ్చి, వాడికి రెండు మూరల దూరంలో ఆగింది. రాకీ చెవులు లేచాయి, ముక్కు కదిలింది, తోక ఒక్కసారి నేలను కొట్టింది, ఆ చప్పుడుకు గవ్వ ఒక అడుగు వెనక్కి వేసింది గానీ పారిపోలేదు. వాడు దాని వైపు చూసి, మెల్లగా తల తిప్పి నా చేతి వైపు చూశాడు. నా చేయి ఎంత వణికిందంటే చికెన్ ముక్క కింద పడింది. గవ్వ టీవీ స్టాండ్ మీదికి ఎక్కి ముఖం కడుక్కోవడం మొదలుపెట్టింది.

రాత్రి తమ్ముడు వీడియో కాల్ చేస్తే ఇద్దరినీ ఒకే ఫ్రేములో చూపించాను. వాడు మాట్లాడలేదు, ఫోను పక్కకు తిప్పుకున్నాడు.

ఇప్పుడు రోజుకు ఇరవై నిమిషాలు ఒకే గదిలో ఉంటున్నారు, తాడు ఇంకా తీయలేదు. మేం బయటికి పోయినప్పుడు, రాత్రిపూట రెండు గడియలూ వేసే ఉంటాయి. తాడు ఎప్పుడు వదలొచ్చో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, నాకు తొందర లేదు.

మూడు పిల్లుల ఇల్లు (కాజీపేట):

చెల్లె, కళ్లల్లో నీళ్లు వచ్చాయి. తాడు సంగతి, గవ్వ పరుగెత్తినప్పుడు రాకీ ఏం చేస్తాడో చూడు. నడిచే పిల్లిని ఊరుకునే కుక్క కూడా పరుగెత్తే పిల్లిని తరుముతుంది. గవ్వ ఉన్నట్టుండి ఉరికినా వాడు లేవకుండా నీ వైపు చూసే రోజులు వరసగా రెండు వారాలు రావాలి. అప్పుడు తాడు చేతిలోంచి వదిలి నేల మీద ఈడ్చుకుంటూ ఉండనివ్వు, తీసేయొద్దు. మా ఇంట్లో ఆ ఒక్క దశకే నెల పట్టింది.